సీసా అయిపోయేలోగా

మందుకు వెలుతురు తగలకూడదని నర్సు సీసాకు నల్లటి కవరు తొడిగి కొక్కేనికి తగిలించింది. అందువల్ల లోపల ఎంత ఉందో, ఎంత దిగిందో బయటికి తెలియదు. గొట్టం మొదట్లో ఉన్న చిన్న బుడ్డిలో ఒక్కో చుక్కా పడటం మాత్రం కనబడుతుంది. గంట పట్టొచ్చు, కాస్త అటూ ఇటూ అని చెప్పి నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. మంచం మీద ఆమె దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కిటికీ వైపు చూస్తూ, పక్కన స్టూలు మీదున్న భర్తకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది.

"ఇది అయిపోయేలోగా మీరొక మాట చెప్పాలి. ఇంకా ఎక్కించుకోమంటారా, ఇక చాలు ఇంటికి పోదామంటారా? డాక్టరు చెప్పింది విన్నాను. అమ్మాయి చెప్పింది విన్నాను. మీరొక్కరే నోరు విప్పలేదు."

అని కళ్ళు మూసుకుంది. ఆయన స్టూలు ముందుకు జరుపుకుని కూర్చున్నాడు, నోరు తెరిచాడు, మూసుకున్నాడు. పొద్దున డాక్టరు ఫిలిములు వెలుగు పలక మీద పెట్టి చూపించినప్పుడు కూడా ఇంతే, డాక్టరు వేలుతో చూపిస్తున్న చోటు తెల్లటి మచ్చలా ఉంది, పోయినసారి కంటే పెద్దదో కాదో ఆయనకు తెలియలేదు, గడ్డ పెరిగిందని డాక్టరే చెప్పాడు, ఇంకో రెండు విడతలు ఇచ్చి చూడొచ్చు, కొంతకాలం కలిసి రావచ్చు, రాకపోనూవచ్చు, వద్దనుకుంటే అదీ తప్పని నేను అనను, ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకోండి అనేటప్పుడు డాక్టరు ఆయన వైపే చూశాడు, ఎందుకు ఆయన వైపు చూడాలి, మంచం మీద ఉన్నది ఆయన కాదు కదా, ఒళ్ళంతా తూట్లు పడింది ఆయనకు కాదు కదా. ఆమె మాత్రం డాక్టరుకు దణ్ణం పెట్టి, మీరు చెప్పాల్సింది చెప్పారు బాబూ అని లేచి నిలబడింది, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చలేక తడుముకుంటే ఆయన వంగి తొడిగాడు, వేళ్ళ చివర్లు మొద్దుబారి పోయాయి ఆమెకు, చెప్పులు వేసుకున్నదీ లేనిదీ చూసుకుంటే తప్ప తెలియదు. ఈ మందు చేసే పనే అది అని మొదట్లోనే చెప్పారు. ఈ మందులో ప్లాటినం ఉంటుందని కూడా మొదట్లోనే చెప్పారు, చెప్పింది ఈ నర్సే, కవరు ఎందుకమ్మా అని ఆమె అడిగితే ఏదో చెబుతూ ఆ మాట అనేసింది. అప్పుడు ఆమె పగలబడి నవ్వింది, మంచం కదిలేటట్టు నవ్వి, ఈయన జీవితమంతా దానికోసం నేలకు చిల్లులు పొడిచాడమ్మా, నేను చూడు, పడుకున్నచోటే పడుకుని తేరగా తాగేస్తున్నాను అంది. నర్సుకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు ఆమే చెప్పింది, ఈయన డ్రిల్లరు, గని తవ్వాలో వద్దో తేల్చుకోవడానికి ముందు భూమిలోకి గొట్టాలు దింపి లోపలి రాయిని కడ్డీలుగా బయటికి తీసే పని అని. ఆయన పక్కన నిలబడి తల ఊపాడు.

ప్లాటినం. ఆ మాట చెవిన పడని రోజు ఒకప్పుడు లేదు, కంటబడిన రోజు మాత్రం ఒక్కటీ లేదు. బంగారమైతే రాతిలో ఎక్కడో ఒక నలుసైనా మెరుస్తుందని ఆ పని చేసినవాళ్ళు చెప్పేవారు, ఇది అలా కాదు, నల్లరాతిలో పుట్టి నల్లరాతిలోనే దాక్కుంటుంది, లారీడు రాయిని పిండి చేస్తే చిటికెడు వచ్చినా గొప్పే, ఆ చిటికెడూ ఎక్కడో దూరాన కొలిమిలో కరిగించి చూసేదాకా ఉందో లేదో ఎవడికీ తెలియదు. ఆయన చేతుల మీదుగా నేలలోంచి లేచిన కడ్డీలన్నీ చూడటానికి ఒక్కలాగే ఉండేవి, నున్నగా, చల్లగా, చెమట పట్టినట్టు తడిగా, లోతుకు పోయేకొద్దీ ఇంకా చల్లగా. వాటిని కడిగి వరసగా ట్రేలలో పడుకోబెట్టేవాళ్ళు. అప్పుడు జియాలజిస్టు వచ్చి భూతద్దం కంటికి ఆనించి, ఒక్కో కడ్డీని నాలుకతో తడిపి మరీ చూసేవాడు, అందుకే పనివాళ్ళు అతనికి రాళ్ళ డాక్టరు అని పేరు పెట్టారు, ఈ డాక్టరు కూడా ఆ డాక్టరులాగే చూపించాడు ఇవాళ, కనబడని దాన్ని వేలితో, ఇదిగో ఇక్కడ అని. బుడ్డిలో చుక్క పడింది. మళ్ళీ పడింది. ఆ చుక్కలో ఉన్నదట అది, నీళ్ళలాగే ఉంది, రంగు లేదు, ఎవరైనా చెబితే తప్ప తెలియదు, ఎవరు తవ్విన రాయో, ఏ డ్రిల్లరు ఏ ఎండలో నిలబడి తీసిన కడ్డీ వెంట దొరికిందో, ఆమె చేతిలోకి జారిపోతోంది, తాను ఇన్నేళ్ళు చూడాలనుకున్నది ఇదేనా అనుకుంటే అందులో సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు, ఒక రకమైన సిగ్గు మాత్రం ఉంది, దాన్ని ఇంతకాలం చాలా గొప్ప వస్తువు అనుకున్నందుకు.

మాట ఎందుకు రాదు ఆయనకు. చిన్నప్పటి నుంచీ ఇంతేనా అంటే అంత కాదు, మిషను చేసింది కొంత. మిషను తిరుగుతున్నంతసేపూ పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు, అరిచి గొంతు పోగొట్టుకునే బదులు చెయ్యి ఎత్తితే ఆపమని, వేలు తిప్పితే తిప్పమని, అంతే. చెయ్యి లివరు మీద ఉంచితే కింద ఎక్కడో గొట్టం చివరనున్న బిట్టు ఏ రాయిని కొరుకుతోందో అరచేతికి తెలిసేది, గట్టిరాయైతే సన్నటి జలదరింపు, పగుళ్ళ రాయైతే తడబాటు. సాయంత్రం మిషను ఆగాక కూడా చెవుల్లో అది తిరుగుతూనే ఉండేది, ఎవరైనా పలకరిస్తే ఆ హోరు దాటి జవాబు చెప్పాలంటే బద్ధకంగా ఉండేది, ఆ బద్ధకమే అలవాటైంది. మూగమేస్త్రీ అనేవారు వెనక. ఇంట్లో ఆ మూగతనానికి ఆమె నోరు అరువిచ్చింది. బట్టలు కుట్టేవాడితో బేరం ఆమెది, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళతో తగువు ఆమెది, అమ్మాయి బడిలో చేరేటప్పుడు పెద్ద పంతులమ్మతో మాట్లాడింది ఆమె, వీధిలో ఎవరైనా బాగున్నారా అని ఆయన్ని అడిగితే బాగున్నారండీ అని జవాబు చెప్పేది కూడా ఆమే. ఒకసారి పళ్ళ డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగితే ఆయన ఆమె వైపు చూశాడు, ఆమె పై వరసలో ఎడమ పక్క అని చెప్పింది. తప్పు లేకుండా చెప్పింది. అలా చూసీ చూసీ, ఆయన మనసులో ఉన్నది ఆమె నోట్లోంచి వస్తుందన్న ధీమాతో బతికేశాడు, ఇవాళ ఆమె ఆ ధీమాను తీసి పక్కన పెట్టి మీరే చెప్పండి అంటోంది.

చెప్పడం ఆయన పని కాదు ఎప్పుడూ. బోరు ఎక్కడ వెయ్యాలో రాళ్ళ డాక్టరు చెప్పేవాడు, నేల మీద ముగ్గుపొడితో గుర్తు పెట్టి, ఏ వాలున దింపాలో, ఎంతదాకా పోవాలో కూడా అతనే చెప్పేవాడు, ఆపమన్నప్పుడు డ్రిల్లర్లు ఆపేవారు. డ్రిల్లరు ఎప్పుడూ ఇంకొంచెం అనేవాడే. ఇన్ని గొట్టపు రాడ్లు దింపాం కదా, ఇంకొక్కటి దింపితే ఏముంది, ఆ ఒక్కటి కింద ఉండొచ్చు కదా. ఆ ఒక్కటి కింద ఉండదని చాలాసార్లు చూశాడు, అయినా ప్రతిసారీ అలాగే అనిపించేది, రాడ్లు ఒక్కొక్కటే పైకి లాగి పేర్చేటప్పుడు చేతులు బరువెక్కేవి, దింపేటప్పుడు లేని బరువు. ఒక్క చోట మాత్రం ఆమె కూడా వెంట ఉంది, కడ్డీల షెడ్డు గుమ్మంలో నిలబడి చూసేది, మొహం చూసి ఆపమన్నారా అని అడిగేది. ఆమె ఆ షెడ్డులోనే పని చేసేది ఆ రోజుల్లో, కడ్డీలను యంత్రంతో నిలువునా రెండుగా కోస్తే ఒక సగం ట్రేలో దాచిపెట్టి, రెండో సగం గుడ్డసంచుల్లో వేసి మూతి కట్టే పని, ఆ సంచులే పరీక్షకు పోయేవి. ఆ షెడ్డులోకి అడుగుపెట్టేవాళ్ళు ఒంటి మీద నగ అన్నది ఉంచుకోకూడదు, గుమ్మం దగ్గర రేకు డబ్బా ఉండేది, అందులో వేసి లోపలికి పోవాలి, ఎందుకంటే అక్కడ వెతికేది అంత సూక్ష్మమైనది, నగ రాసుకున్న రవ్వ చాలు, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. ఆమె వేలికి ఆయన కొనిచ్చిన తెల్ల ఉంగరం ఉండేది, పచ్చవి అందరికీ ఉంటాయి కదా అని తెల్లది కొన్నాడు, ఆ మాట పైకి అనలేదు, డబ్బు చాలక తెల్లది కొన్నారు అని ఆమె ఎగతాళి చేస్తే ఊరుకున్నాడు. నీళ్ళలో నాని వేలు ఉబ్బి ఉంగరం రాలేదు ఒక రోజు. సబ్బు పెట్టినా రాలేదు. గుడ్డపట్టీ చుట్టుకుని పనిలోకి దిగింది, కప్పేశాను కదా ఇంకేం అనుకుంది, పదునైన తడిరాళ్ళ మీద గుడ్డపట్టీ ఎంతసేపు ఆగుతుంది.

అప్పటికి ఆ చోట పని ఎత్తేద్దామని పైవాళ్ళు అనేసుకున్నారు, సామాను సర్దుతున్నారు. అంతలో ఆ సంచుల ఫలితాలు వచ్చాయి. ప్లాటినం లేదు గానీ దానికి చెల్లెలు లాంటి లోహం ఒకటి పలికిందట, పల్లాడియం, ఒకటి ఉన్నచోట రెండోది ఉంటుంది కదా, రాళ్ళ డాక్టరు ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చి అంతటి మనిషీ ఆయన్ని వాటేసుకున్నాడు. ట్రేలో దాచిన సగాన్ని కూడా పంపి సరిచూసుకోవాలి, పద్ధతి అది, కానీ వానలు ముంచుకొస్తున్నాయి, పైవాళ్ళు తొందర పెట్టారు, ముందు పక్కన ఇంకో బోరు వెయ్యమన్నారు. సర్దిన సామాను మళ్ళీ విప్పారు. ఆ వానాకాలమంతా వాళ్ళిద్దరూ రేకుల గదిలో ఒక్కచోట ఉన్నారు, అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అన్నాళ్ళు వరసగా కలిసి ఉన్నది లేదు, ఆయన ఎప్పుడూ ఏదో ఒక గుట్ట వెనక, ఆమె ఎప్పుడూ ఏదో ఒక అద్దె ఇంట్లో. రేకుల మీద వాన పడుతుంటే ఆమె మాటలు కూడా వినబడేవి కావు, అప్పుడు ఆమె కూడా ఆయనలాగే చేతులతో మాట్లాడేది, దీపం తీసెయ్యమని, దగ్గరికి జరగమని, దుప్పటి మొత్తం మీరే లాగేసుకున్నారని. అమ్మాయి కడుపులో పడింది ఆ గదిలోనే.

ఆ రెండో బోరులో నీళ్ళు పోయాయి. రాడ్ల లోపలినుంచి నీళ్ళు కొడుతుంటే కింద బిట్టును చల్లబరిచి, రాతిపొడి కడుక్కుని అంచుల వెంట పైకి తిరిగి రావాలి, వచ్చే నీటిని బట్టే కింద ఏం జరుగుతోందో తెలిసేది. ఒక మధ్యాహ్నం పైకి వచ్చే నీరు సన్నబడింది, తర్వాత ఆగిపోయింది, పంపు కొడుతూనే ఉంది, తొట్టి ఖాళీ అవుతూనే ఉంది, పోసిందంతా ఎక్కడో పగులులోకి పోతోంది. రంపపు పొట్టు పోశారు, బంకమట్టి కలిపి పోశారు, కాసేపు తిరిగి వచ్చినట్టే వచ్చి మళ్ళీ పోయింది. రాళ్ళ డాక్టరు తొట్టి అంచున నిలబడ్డాడు, ఆయన లివరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఇద్దరికీ తెలుసు, నీళ్ళు తిరిగి రానప్పుడు ముందుకు పోకూడదు, పొడి గడ్డకట్టి రాడ్లు బిగుసుకుంటాయి, ఆ పనిలో చేరినవాడు మొదట నేర్చుకునేది అదే. ఆపమంటే రేపు అందరూ ఇళ్ళకు పోవాలి, షెడ్డు మూతపడుతుంది, రేకుల గది విప్పేస్తారు. రాళ్ళ డాక్టరు ఆయన మొహంలోకి చూశాడు. ఆయన నేల వైపు చూశాడు. ఒకరు అంటారని ఒకరు ఎదురుచూస్తూ ఇంకో రాడ్డు, ఇంకో రాడ్డు, చివరికి మిషను మూలిగింది, అరచేతిలో జలదరింపు చచ్చిపోయింది, అంతే, పైకీ రావు, కిందికీ పోవు. ఎన్ని రోజులు లాగినా రాలేదు. పైనున్నంత మేరకు కోసుకుని మిగతావి వదిలేసి వచ్చారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి అవి, నిలబడినవి నిలబడినట్టే, మట్టిలో.

వచ్చినంత మేరకు కడ్డీల్లో ఏమీ లేదు. అప్పుడు రాళ్ళ డాక్టరుకు పద్ధతి గుర్తొచ్చి మొదటి బోరు తాలూకు, ట్రేలో దాచిన సగాలు పంపాడు, వాటిలోనూ ఏమీ లేదు. షెడ్డుకు వచ్చి, ఆ సంచులు కట్టింది ఎవరని అడిగి, అమ్మా మీ చెయ్యి ఒకసారి చూపించండి అన్నాడు. ఆమె చూపించింది. ఉంగరం అడుగు భాగం కాగితంలా అరిగిపోయి ఉంది. తెల్లగా రావడానికి బంగారంలో కలిపేది ఆ చెల్లెలు లోహమేనని చెప్పి, ఇదీ మన గని అన్నాడు, అని నీరసంగా బల్ల మీద కూలబడ్డాడు. ఆమె మొహం పాలిపోయింది, అయినా నోరు ఊరుకోదు కదా.

"ఇక్కడ అయిపోయినట్టుంది సార్. మోచేతి దగ్గర ఒక బోరు వేసి చూడండి."

రాళ్ళ డాక్టరు నవ్వాడు, నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు, పైవాళ్ళకు ఆమె ఊసు ఎత్తలేదు. ఆమె మాత్రం ఆ కథ జీవితమంతా చెప్పుకుంది, నలుగురు చేరితే చాలు, నా వేలు చూసి భూమి తవ్వారు అని. నవ్వించడానికి చెప్పేది. ఆయనకు ఎప్పుడూ నవ్వు రాలేదు, ఆ వానాకాలం లేనే లేనిదాని పుణ్యమా అని దొరికిందని తెలుసు. స్టూలు మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

ఆమె కళ్ళు తెరవలేదు. నిద్రో, ఊరకనో. దుప్పటి బయటికి వచ్చిన పాదం నీలంగా ఉంది, ఆయన దాన్ని ఒళ్ళోకి తీసుకుని రుద్దసాగాడు, రుద్దుతున్నట్టు ఆమెకు తెలుస్తోందో లేదో. నర్సు వచ్చి కవరు కాస్త పైకెత్తి చూసి, అడుగుకొచ్చింది పెద్దాయనా, ఇంకాసేపే అని చెప్పి పోయింది. ఇంకాసేపు. అమ్మాయి నిన్న ఆమె నిద్రపోయాక గుసగుసగా చెప్పింది, నాన్నా, అమ్మ నువ్వు చెబితే వింటుంది, ఎక్కించుకోమని చెప్పు, రెండే కదా, మానేస్తే చేతులారా వదిలేసినట్టు కాదా. అమ్మాయికి తెలియదు, పగలు చూసి పోతుంది, మందు ఎక్కిన మూడోనాటి నుంచి జరిగేది చూడదు, బకెట్టు మీద వంగిన వీపు, ఎముకలు లెక్కపెట్టొచ్చు, నోరు పూసి మంచినీళ్ళు మింగాలన్నా కళ్ళ వెంట నీళ్ళు, అయినా ఆయన గుమ్మంలోకి వస్తే, మీరు వెళ్ళి పడుకోండి, ఇది నా గొడవ అంటుంది. ఆ గొడవ సద్దుమణిగి రెండు ముద్దలు తిని, వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించే నాటికి మళ్ళీ సీసా వేళ అవుతుంది. మానేస్తే ఆ వరండా రోజులు మిగులుతాయి, ఎన్నో తెలియదు, కొన్నే. మానకపోతే సీసాలు మిగులుతాయి.

మరి ఇంత తెలిసీ పొద్దుటి నుంచి ఎక్కించుకో అనే మాటే నాలుక చివర ఎందుకు ఉంది. తన మనసు అడుగుకు పోయి చూసుకున్నాడు ఆయన, ఎప్పుడూ పోనంత అడుగుకు, అక్కడ ఉన్నది ఆమె కాదు, ఆమె లేని వరండా. వీధిలో ఎవరో ఆగి బాగున్నారా అంటున్నారు, ఆయన పక్కకు చూస్తున్నాడు, పక్కన కుర్చీ ఖాళీ, అవతలివాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నారు. అంతే, దానికి భయం. ఆ భయానికి ఇంకొక్కటి, ఇంకొక్కటి అని ఆమె ఒంట్లోకి దింపుతున్నాడు. పాదం రుద్దే చెయ్యి ఆగిపోయింది.

"చల్లగా ఉందా?" అంది ఆమె. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎప్పటి నుంచి తెరిచి ఉన్నాయో. ఆయన మొహం మీద నుంచి చూపు తిప్పకుండా కాసేపు చూసింది, ఎన్నో ఏళ్ళుగా చూసినట్టే, లోపల ఉన్నది చదువుకుంటున్నట్టు. తర్వాత చిన్నగా నిట్టూర్చింది.

"సర్లెండి. ఇంకోటి ఎక్కించుకుంటాను. మీ మొహం చూస్తే తెలియట్లేదా ఏంటి."

ఆయన తల ఊపలేదు. తల ఊపితే అయిపోయేది, ఎప్పటిలాగే ఆమె నోటితో ఆయన మాట వచ్చేసింది, తప్పు లేకుండా వచ్చింది, ఊపితే చాలు. పక్క మంచం వాళ్ళు వింటారేమో అనిపించింది, విననీ అనుకున్నాడు.

"వద్దు," అన్నాడు.

ఇంకా ఉందని తెలిసినట్టు ఆమె దిండు మీద కాస్త పైకి జరిగింది.

"ఇంకోటి కావాలని ఉంది నాకు. నాకే. నీకోసం కాదు అది. నువ్వు లేకపోతే నాకు భయం, అందుకని. అందుకోసం నువ్వు ఎక్కించుకోవద్దు. ఇంటికి పోదాం."

అంత మాట ఆయన ఒక్కసారిగా ఆడటం ఆమె ఎప్పుడు విన్నదో గుర్తు లేదు. ఆమె నవ్వబోయింది, కుదరలేదు, సూది లేని చేత్తో ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. వేళ్ళకు బట్ట తగలదు కాబట్టి గట్టిగా పట్టుకుంది. గొట్టంలో చుక్కలు ఆగిపోయాయి, నర్సు వచ్చింది, సూది తీసి దూది అదిమి పట్టుకోమని ఆయన వేలు అక్కడ పెట్టి, తర్వాతి తేదీ బయట కిటికీ దగ్గర అడగండి అని ఖాళీ సీసాతో వెళ్ళిపోయింది. ఇద్దరూ ఆ దూది వైపు చూస్తూ కూర్చున్నారు.

"అమ్మాయికి ఎవరు చెబుతారు?" అంది ఆమె. అడగడం కాదు అది, ఆ పనీ తనదే అన్న అలసట. అప్పుడే దిండు పక్కనున్న ఫోను కోసం తడుముతోంది, మొద్దుబారిన వేళ్ళకు దొరకడం లేదు.

ఆయన ఆ ఫోను తీసుకున్నాడు. ఎప్పుడూ ఆమె వాడేదే అది. అమ్మాయి నంబరు ఎక్కడ ఉందో ఆమె చూపించింది, ఆయన నొక్కి, చెవికి ఆనించుకుని, నిలబడ్డాడు. అవతల మోగుతోంది. ఆగిపోతే బాగుండు అనుకున్నాడు ఒక క్షణం. ఆగలేదు, ఎత్తింది.

"అమ్మా, ఎలా ఉన్నావే, అయిపోయిందా?" అంది అమ్మాయి, ఎప్పటిలాగే ఆత్రంగా.

"నేను," అన్నాడు ఆయన. "నాన్నని."

అవతల ఊపిరి ఆగింది. ఆ నిశ్శబ్దంలోనే అమ్మాయికి సగం తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది, ఇక్కడితో ఊరుకుంటే మిగతా సగం తనే తెలుసుకుంటుంది, ఏడుస్తుంది, అమ్మకివ్వు అంటుంది. ఆయన మంచం మీదున్న మనిషి వైపు చూడలేదు. కిటికీ అంచు గట్టిగా పట్టుకుని, గొంతు సవరించుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.